విమానం వేగం ఆగింది కానీ మార్పు ఆగలేదు

విశాఖ బీచ్ రోడ్డులో, కుర్సుర సబ్‌మెరైన్‌కు ఎదురుగా ఉన్న నౌకాదళ సముద్ర నిఘా విమానం టీయూ-142ఎం దగ్గరికి వచ్చినవాళ్లు దాని పొడవు, రెక్కలు చూసి అబ్బురపడతారు. అసలు చూడాల్సింది ప్రొపెల్లర్లను. ఒక్కో ఇంజిన్‌కు రెండు వరసలు, వరసకు నాలుగు బ్లేడ్లు. ఒక వరస ఒకవైపు తిరిగితే రెండోది ఎదురువైపు తిరుగుతుంది. ముందు వరస గాలిని వెనక్కి నెడుతూనే మెలితిప్పుతుంది. ఆ మెలికలో పోయే శక్తిని వెనక వరస రాబట్టుకుంటుంది.

ఈ ఎన్‌కె-12 ఇంజిన్ శక్తి ఒక్కోటి దాదాపు 15 వేల హార్స్‌పవర్. ఈ తరహా ఇంజిన్లు 1950ల్లోనే టీయూ-95 బాంబర్‌ను నడిపాయి. 1903 డిసెంబరు 17న రైట్ సోదరుల విమానాన్ని లేపిన ఇంజిన్‌ది 12 హార్స్‌పవర్. ఆ రోజు మొదటిసారి గాల్లో ఉన్నది 12 సెకన్లు, వెళ్లిన దూరం 120 అడుగులు. దాన్ని నడిపిన ఓర్విల్ రైట్ 1948 జనవరిలో చనిపోయారు. అంతకు మూడు నెలల ముందే అమెరికా పైలట్ చక్ యేగర్ విమానంలో ధ్వని వేగాన్ని దాటేశారు.

ఈ పరుగుకు ప్రాణాలతో మూల్యం చెల్లించారు. 1952లో ప్రయాణికులతో తిరగడం మొదలుపెట్టిన కామెట్ జెట్ విమానాలు 1954లో రెండు గాల్లోనే విచ్ఛిన్నమయ్యాయి. ఎగిరిన ప్రతిసారీ క్యాబిన్‌లో గాలి పీడనం బయటికంటే ఎక్కువై, దిగాక ఆ తేడా పోతుంది. అలా సాగి, ముడుచుకుని, లోహం అలసిపోయి, కిటికీల వంటి తెరుపుల మూలల్లో పగులుతుంది. ఒక కామెట్‌ను నీళ్ల తొట్టెలో ఉంచి, లోపలి పీడనాన్ని పదేపదే పెంచి తగ్గించాకే ఇది రుజువైంది.

మరి విమానాల వేగం పెరగడం ఎందుకు ఆగింది? ఎన్‌కె-12 ప్రొపెల్లర్ వ్యాసం 5.6 మీటర్లు, నిమిషానికి సుమారు 750 చుట్లు. అంటే బ్లేడు కొస సెకనుకు 220 మీటర్లు తిరుగుతుంది. విమానం ముందుకు వెళ్లే వేగం సెకనుకు 200 మీటర్లు; ఈ రెండు వేగాల దిశలు ఒకదానికొకటి లంబంగా ఉంటాయి కాబట్టి ఆ లెక్కన కలిపితే కొస వేగం 300 దగ్గరికి వస్తుంది. పది కిలోమీటర్ల ఎత్తులో ధ్వని వేగం కూడా అంతే. అక్కడి నుంచి గాలి నిరోధం, రొద విపరీతంగా పెరుగుతాయి. జెట్‌కూ ధ్వని వేగం దగ్గర ఇదే తంటా. దాన్ని దాటిన ప్రయాణికుల విమానం కాంకార్డ్ 1969లో ఎగిరింది, ఇంధన ఖర్చు ఎప్పుడూ వెంటాడింది, 2003లో సెలవు తీసుకుంది.

వేగం ఆగినా, ‘విమానాల్లో కొత్తేముంది’ అనేవాళ్లతో నేను ఏకీభవించను. 2017లో నౌకాదళం టీయూ-142కు వీడ్కోలు పలికింది. ఇప్పుడు ఆ సముద్ర నిఘా పని చేస్తున్న పీ-8ఐకి మూలం 1967లో తొలిసారి ఎగిరిన బోయింగ్ 737. ఆకారం పెద్దగా మారలేదు. కానీ తొలి 737 ఇంజిన్‌లో మంట గుండా పోయే గాలి ఎంతో, దాని చుట్టూ పక్క నుంచి పోయే గాలి దాదాపు అంతే. పీ-8ఐ ఇంజిన్‌లో పక్క నుంచి పోయేది సుమారు అయిదింతలు. ఎక్కువ గాలిని నెమ్మదిగా నెడితే అదే తోపుకు తక్కువ ఇంధనం చాలు. అంత గాలిని నెట్టే పెద్ద ఫ్యాన్‌ను ఇంజిన్ మధ్యలో మంట మండే చిన్న గర్భం తిప్పాలంటే మంట మరింత వేడెక్కాలి. ఆ వేడి, మంట వాయువులతో తిరిగే చక్రమైన టర్బైన్ బ్లేడు లోహం కరిగే స్థాయినీ మించుతుంది. బ్లేడు లోపలి నుంచి సన్నని రంధ్రాల గుండా వచ్చే గాలి పొరే దాన్ని కాపాడుతుంది.