సవరణ: ఏటిగట్టు మరమ్మతుకు నిధులు ఎవరివి?

గోదావరి ఏటిగట్టుకు పంచాయతీయే ఆర్థిక సంఘం నిధులతో మరమ్మతు చేసుకోవచ్చని మొన్నటి పోస్టులో ఉంది. అది సరికాదు. గట్టు జలవనరుల శాఖది. పంచాయతీ తీర్మానం అభ్యర్థన మాత్రమే. దాన్ని ఆ శాఖ ఈఈ (కార్యనిర్వాహక ఇంజినీరు)కి పంపి, కలెక్టరుకూ ఒక ప్రతి ఇవ్వాలి.

తీర్మానంలో ‘గట్టు బలహీనంగా ఉంది’ అని మాత్రమే అంటే ఫైలు కదలదు. ఏ కిలోమీటరు రాయి నుంచి ఎన్ని మీటర్లు, 1986 నాటి రికార్డు వరద మట్టానికి గట్టు ఎంత ఎత్తు, ఎలుక బొరియలా, జారుడా, ఊటా, అన్నీ రాయాలి. తీర్మానం పంపడం సంక్రాంతి దాటనివ్వకండి. అంచనా, మంజూరు, టెండరు అయ్యేసరికి జూన్ వచ్చేస్తుంది. వానలో వేసిన మట్టి రోలరుకు గట్టిపడదు, మొదటి వరదకే జారుతుంది.

ఊటను బస్తాలతో మూసేయమని ఆ పోస్టులో ఉన్న వాక్యం కూడా తీసేయండి. మూస్తే పక్కన తన్నుకొస్తుంది. ఊట చుట్టూ ఇసుక బస్తాల కట్ట వేసి, తేటనీరు వచ్చేదాకా లోపలి నీటిమట్టం పెంచాలి. బురదనీరంటే గట్టు మట్టే పోతున్నట్టు.