మాట ఆగిన ఇంట్లో నడుము నొప్పులు

ఇంట్లో కోపంతో అరిచే మొగుడికి ఏళ్లు గడిచేకొద్దీ గుండెకు సంబంధించిన బాధలు ఎక్కువయ్యాయి. మాట బంద్ పెట్టి గోడలా కూర్చునే మొగుడికి నడుము, మెడ పట్టేసే బాధలు ఎక్కువయ్యాయి. ఆడవాళ్లలోనూ ఈ జాడ ఉంది కానీ మగవాళ్లలో గట్టిగా కనిపించింది. కాలిఫోర్నియా యూనివర్సిటీ బర్కిలీ క్యాంపస్‌లో సైకాలజీ ప్రొఫెసర్ రాబర్ట్ లెవెన్‌సన్ బృందం 156 జంటలను 20 ఏళ్ల పాటు గమనించి 2016లో ప్రచురించిన ఫలితమిది. మన ఉత్తర తెలంగాణలో ప్రతి ఇంటికీ చేరాల్సిన పరిశోధన ఏదైనా ఉందంటే, నా దృష్టిలో ఇదే.

విద్యార్థుల ఆత్మహత్యలు, రైతుల చావులు, 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, మానసిక సాయానికి ప్రభుత్వం పెట్టిన టెలీ మానస్ 14416 ఫోన్ నంబరు... ఇవన్నీ పాఠకులకు తెలిసినవే. ఏ విషాదం జరిగినా మనం చెప్పే మందు మాత్రం ఒక్కటే: ధైర్యంగా ఉండు, ఓర్చుకో, బయటపడకు. నా గొడవంతా ఆ మందుతోనే.

లెవెన్‌సన్, ఆయన శిష్యుడు జేమ్స్ గ్రాస్ 1993లో ఒక ప్రయోగం ప్రచురించారు. కాలేజీ విద్యార్థులకు చేయి తీసేసే ఆపరేషన్ దృశ్యాలు చూపించారు. కొందరికి మామూలుగా చూడమని, కొందరికి లోపలిది మొహంలో కనపడనివ్వద్దని చెప్పారు. దాచుకున్నవాళ్ల మొహాలు నిజంగానే ప్రశాంతంగా ఉన్నాయి. లోపల ఏవగింపు మాత్రం అందరిలాగే ఉంది, పైగా చెమట, రక్తనాళాల కొలతలు చూస్తే ఒంటి మీద ఒత్తిడి పెరిగింది. అంటే దాచుకోవడం వల్ల బాధ తగ్గలేదు, ఒంటికి ఇంకో బరువు తోడైంది.

అసలు నన్ను కుదిపేసింది ఆ తర్వాత వచ్చిన పని. 2003లో గ్రాస్, ఎమిలీ బట్లర్ మరికొందరితో కలిసి, పరిచయం లేని ఆడవాళ్లను ఇద్దరిద్దరుగా కూర్చోబెట్టి, మనసు కలచివేసే సినిమా చూపించి, దాని గురించి మాట్లాడుకోమన్నారు. కొన్ని జంటల్లో ఒకరికి మాత్రం చాటుగా చెప్పారు, మీ భావాలు బయటపెట్టకండి అని. ఎదుటి మనిషికి ఆ సంగతి తెలియదు. అయినా ఆమె బీపీ పెరిగింది! ఒకరు దాచుకుంటే పక్కవాళ్ల ఒళ్లు దాన్ని పట్టేసింది. బాధ ఒక్కరి లోపలి సొంత ఆస్తి అనుకునే మన లెక్క అక్కడే తప్పిపోయింది.

ఇప్పుడు జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ వైపు ఇళ్లు గుర్తు చేసుకోండి. దుబాయ్ నుంచి వారానికోసారి వీడియో కాల్ వస్తుంది. అక్కడ అతను ఎండలో పని చేసి, క్యాంపులో పడుకుని, అప్పు మిత్తి లెక్కేసుకుంటూ ‘మంచిగనే ఉన్న’ అంటాడు. ఇక్కడ ఆమె అత్త జబ్బు, పిల్లాడి ఫీజు దాచిపెట్టి ‘మేమూ మంచిగనే ఉన్నం’ అంటుంది. ఇద్దరూ ఎదుటివాళ్లకు టెన్షన్ ఎందుకని ప్రేమతోనే దాస్తున్నారు. అదే నాకు ఎక్కువ బాధ.

మా చిన్నాయన 12 ఏళ్లు అట్లా మాట్లాడి ఇంటికొచ్చాడు. వచ్చాక అసలు మాట్లాడటమే మానేశాడు. నడుము నొప్పికి హన్మకొండలో ఒక పెద్ద ఆస్పత్రికి తిప్పాం, స్కానింగులు తీయించాం, బెల్టు కొన్నాం. ఎక్కడ నొప్పి అని అందరూ అడిగారు. ఇంట్లో ఎలా ఉంటున్నారని ఒక్కరూ అడగలేదు. ఆ నొప్పి అంతా మనసుదేనని నేను అనను. కానీ ఆ ప్రశ్న అడిగి ఉండాల్సింది.

ఇవి అమెరికా జంటల మీద తేల్చినవి, మన కాపురాలు ఓర్పు మీద నిలబడ్డాయి, నోరు జారితే ఇల్లు పాడవుతుంది అనే వాదన ఉంది. నోరు జారకూడదనేది నిజమే, అరుపులకు గుండె ఏమవుతుందో పైన చూశాం. ఆసియా విలువలకు దగ్గరగా పెరిగినవాళ్లకు దాచుకోవడం వల్ల చెరుపు తక్కువని బట్లర్, గ్రాస్ 2007లో తామే రాశారు కూడా. ఒప్పుకుంటాను. కానీ మన ఇళ్ల బలం మౌనంలో లేదు. స్కిజోఫ్రీనియా అనే తీవ్రమైన మానసిక జబ్బు ఉన్న రోగుల కుటుంబాల మీద చండీగఢ్‌లో చేసి 1987లో ప్రచురించిన అధ్యయనం చూడండి. లండన్ ఇళ్లతో పోలిస్తే అక్కడి ఇళ్లలో రోగిని తప్పుబట్టడం తక్కువ. జబ్బు తిరగబెట్టడమూ తక్కువే. చీదరించుకోకపోవడం వేరు, నోరు కుట్టేసుకోవడం వేరు.

చిన్నాయనను చూసి మా చిన్నమ్మ మొదటి నెలలోనే ‘ఈయనకు మనాది పట్టుకుంది’ అంది. మనాది అంటే లోలోపల ఒకటే తలపోస్తూ మనిషి కుంగిపోవడం. రంది అంటే కడుపులో తిరుగుతూ ఉండే చింత. బుగులు అంటే గుండె దడదడలాడే భయం. మా వైపు ఏ ముసలమ్మను అడిగినా ఈ మూడింటికీ తేడా చెబుతుంది. భావానికి పేరు పెట్టగానే మెదడులో అలజడి రేపే అమిగ్డాలా స్పందన తగ్గుతుందని లాస్ ఏంజెలెస్‌లో మాథ్యూ లీబర్‌మన్ అనే పరిశోధకుడు 2007లో స్కానింగుతో చూపించాడు. పేర్లు మన దగ్గర పుష్కలంగా ఉన్నాయి. అయినా సైకాలజీ క్లాసులోకి వెళ్లిన పిల్ల వాటిని గడప బయట విడిచి, డిప్రెషన్, యాంగ్జయిటీ అని ఇంగ్లిష్‌లో రాసి పాసవుతుంది. రేపు కౌన్సెలర్‌గా మా చిన్నమ్మ ముందు కూర్చున్నప్పుడు ఇద్దరికీ భాష కలవదు.

పై చదువుల్లో తెలుగు ఎందుకని అడిగేవాళ్లకు నేనిచ్చే జవాబు ఇదే. యంత్రాల గురించి ఇంగ్లిష్‌లో నేర్చుకుని బతకొచ్చు. మనుషుల మనసు గురించి వాళ్ల మాటల్లో నేర్చుకోకపోతే వైద్యమే సాగదు. వరంగల్‌లో మెడికల్ కాలేజీ 1959 నుంచి ఉంది, కాకతీయ యూనివర్సిటీ 1976 నుంచి ఉంది. రెండూ కలిసి భావోద్వేగాలు, సంబంధాల మీద తెలుగులో ఒక కోర్సు పెట్టాలి. డిగ్రీ పిల్లలతో పాటు ఆశా కార్యకర్తలు, ఫ్యామిలీ కోర్టు కౌన్సెలర్లు, హన్మకొండలో నయీంనగర్ వైపు హాస్టళ్ల వార్డెన్లు కూర్చుని వినేలా ఉండాలి. లెవెన్‌సన్ పాఠం ఎంత ఉంటుందో రంది, మనాది, బుగులు పాఠం కూడా అంతే ఉండాలి. సెలవులకు ఇంటికెళ్లి వచ్చిన పిల్లాడు రెండు రోజులుగా అన్నం ముట్టకపోతే, వార్డెన్ మార్కుల సంగతి పక్కనపెట్టి ‘ఏం రంది పెట్టుకున్నవ్ బిడ్డా’ అని అడిగి, వాడు చెప్పేదాకా పక్కన కూర్చోగలగాలి.