పగటి దోమ గారికి, క్రీడా సన్నాహాల తనిఖీ అధికారి హోదాలో

లక్ష్మీసమానురాలైన శ్రీమతి ఏడిస్ ఈజిప్టై గారికి,

నమస్కారాలు. మీ జాతిలో కుట్టేది ఆడవాళ్లే కనుక శ్రీమతి అన్నాను. మగవాళ్లు పూల తేనె తాగి బతికే సాధుజీవులట. ఇది ఫిర్యాదు ఉత్తరం కాదు, ఉద్యోగానికి పిలుపు. మన దేశం 2030 కామన్వెల్త్ క్రీడలను అహ్మదాబాద్‌కు తెచ్చుకుంది. 2036 ఒలింపిక్స్ కూడా మాకే కావాలంటోంది. మనం సిద్ధంగా ఉన్నామో లేదో చూసి చెప్పడానికి పర్యవేక్షణ సంఘాలు, వాటిని పర్యవేక్షించే ఉన్నతస్థాయి సంఘాలు ఎలాగూ పుడతాయి. వాటన్నిటికంటే నమ్మదగిన తనిఖీ అధికారి మీరేనని నా అభిప్రాయం.

మీ పనితీరు చూసే ఈ మాట అంటున్నాను. పెద్దమనుషుల బృందం వస్తే తివాచీ ఎటు పరిస్తే అటు నడుస్తుంది. నమూనా గది చూస్తుంది, టీ తాగుతుంది, పురోగతి సంతృప్తికరమని రాసి విమానం ఎక్కుతుంది. మీరు మాత్రం ముందుగా కబురు పెట్టరు. నేరుగా మెట్ల కింద మూలకు, టార్పాలిన్ మడతలోకి, ఎవరో వదిలేసిన పెయింటు డబ్బాలోకి వెళతారు. నిలవ నీరు కనబడితే నీటి అంచుకు కాస్త పైన గుడ్లు అతికించి వస్తారు. నీరు ఎండిపోయినా ఆ గుడ్లు చావవు. మళ్లీ తడి తగిలేదాకా నెలల తరబడి కూర్చుంటాయి. అంత ఓపిక ప్రభుత్వ ఫైళ్లకు మాత్రమే ఉంటుందనుకునేవాణ్ని.

ఇంకో సుగుణం. పుట్టిన చోటు నుంచి మీరు కొన్ని వందల మీటర్లకు మించి సాధారణంగా ఎగరరు. అంటే ఎక్కడ మీరు మోసే డెంగ్యూ జ్వరం వచ్చిందో అక్కడే, కూతవేటు దూరంలోనే, తప్పు జరిగిందన్నమాట. పక్క శాఖ మీదకో పొరుగు రాష్ట్రం మీదకో నెట్టడానికి వీలివ్వని నివేదిక ఈ దేశంలో ఇంకెవరు ఇస్తారు?

ఢిల్లీలో మీరు చేసిన తనిఖీ నాకు బాగా గుర్తు. కామన్వెల్త్ క్రీడలు ఆ నగరానికి ఖాయమైంది 2003 నవంబరులో. మొదలు కావలసింది 2010 అక్టోబరు 3న. చేతిలో దాదాపు ఏడేళ్లు. గుడ్డు నుంచి రెక్కల దాకా రావడానికి మీకు పట్టేది వారం, పది రోజులు. ఆ ఏడేళ్లలో మొదటి భాగం కాగితాల మీద గడిచిపోయి, పనులన్నీ కట్టగట్టుకుని ఆఖరి వానాకాలంలో వచ్చి పడ్డాయి. మన పెళ్లిళ్లలాగే చివరికి అన్నీ సర్దుకుంటాయని అప్పటి క్రీడామంత్రి ఎం.ఎస్. గిల్ ధైర్యం చెప్పారు. ఆ ఏడాది వాన కూడా పెళ్లికి వచ్చినంత జోరుగా వచ్చింది. యమున పొంగింది. అక్షరధామ్ దగ్గర, నది ఒడ్డునే కట్టిన క్రీడాగ్రామం చుట్టుపక్కల నీళ్లు నిలిచాయి.

కట్టుబడి పని తెలిసినవాళ్లకు ఒక రహస్యం తెలుసు. శ్లాబు పోశాక మేస్త్రీ దాని మీద సిమెంటు, ఇసుకతో చిన్న చిన్న గట్లు వేసి మడులు కడతాడు. వాటిలో రెండంగుళాల నీరు నిలుపుతాడు. కనీసం వారం రోజులు ఆ నీరు ఆరకూడదు, ఆరితే శ్లాబు బీటలిస్తుంది. వారం తిరిగేసరికి శ్లాబు గట్టిపడుతుంది, మీ పిల్లలకు రెక్కలొస్తాయి. సివిల్ ఇంజనీరు, మీరు ఒకే పంచాంగం చూసి ముహూర్తం పెట్టుకున్నట్టు ఉంటుంది. దీనికి విరుగుడు ఏమంత కష్టం కాదు. వారం నిండకముందే ఒకసారి ఆ నీటిని పూర్తిగా వదిలేసి మళ్లీ పట్టాలి, లేదంటే తడి గోనెపట్టాలు కప్పాలి, పని తీరాక మడులు పగలగొట్టాలి. కానీ గడువు తరుముకొచ్చే చోట, పగలగొట్టవలసిన మనిషి అప్పటికే పై అంతస్తులో ఇంకో శ్లాబుకు నీళ్లు పడుతుంటాడు. ఇక లిఫ్టు గుంత సంగతి చెప్పనక్కర్లేదు. లిఫ్టు బిగించేది అన్నిటికంటే ఆఖర్న కనుక, అప్పటిదాకా అది మీ ప్రసూతి ఆసుపత్రి.

సన్నాహాల్లో జాప్యం ఒక వార్త, ఆరోగ్య భయాలు ఇంకో వార్త అని పత్రికలు రెండు వేర్వేరు శీర్షికలు పెడుతుంటాయి. మీ లెక్కలో ఆ రెండూ ఒకే గుంత.

సెప్టెంబరు 21న జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియం దగ్గర కడుతున్న పాదచారుల వంతెన కూలింది. ఇరవై మందికి పైగా కార్మికులు గాయపడ్డారు. మర్నాడు వెయిట్‌లిఫ్టింగ్ వేదికలో పైకప్పు పలక ఊడిపడింది. చివరికి సైన్యం వచ్చి, కొద్ది రోజుల్లో వేరే వంతెన నిలబెట్టి పరువు కాచింది. గదులు అసహ్యంగా ఉన్నాయని విదేశీ జట్లు గోల పెడితే, శుభ్రత విషయంలో వాళ్ల కొలతలు వేరు, మన కొలతలు వేరు అన్న అర్థం వచ్చేలా నిర్వాహక కమిటీ ప్రతినిధి ఒకరు సెలవిచ్చారు. దేశమంతా సిగ్గుతో తల దించుకుంటే, ఆ మాటలో న్యాయం చూసింది మీరొక్కరే అయి ఉంటారు. మీకు మురుగు నచ్చదు. కావలసింది మంచినీళ్లే. అద్దంలా తుడిచిన గదిలో, కూలరు అడుగున మిగిలిన చెంబెడు తేట నీరు చాలు మీకు.

ఆ ఏడాది ఢిల్లీలో ఆరు వేల మందికి పైగా డెంగ్యూ బారిన పడ్డారు. ఎంతమంది క్రీడాకారులు రానన్నారో, ఎవరు దోమతెరలు వెంట తెచ్చుకున్నారో మాకు రోజూ తెలిసేది. ఆ స్టేడియాలు కట్టినవాళ్లు ఎక్కడ పడుకున్నారో మాత్రం ఢిల్లీ హైకోర్టు ఒక కమిటీని వేస్తే గానీ పెద్దగా బయటకు రాలేదు. రేకుల షెడ్లు, చాలీచాలని మరుగుదొడ్లు, వసతి పేరుతో నరకం. అలాంటి చోట నీళ్లు డ్రమ్ములో దాచుకోవలసిందే. ఆ డ్రమ్ముకు మూత ఉండదు. మీకు వేరే ఆహ్వానపత్రం ఎందుకు?

2016 ఒలింపిక్స్‌కు బ్రెజిల్‌లోని రియో వెళ్లేసరికి మీ హోదా ఆకాశాన్నంటింది. ఫిబ్రవరి 1న ప్రపంచ ఆరోగ్య సంస్థ అంతర్జాతీయ అత్యవసర పరిస్థితి ప్రకటించింది. మీరు మోసుకెళ్లే జికా వైరస్‌కూ, చిన్న తలలతో పుడుతున్న పిల్లలకూ సంబంధం ఉందన్న అనుమానం అప్పటికే బలపడింది. క్రీడలను వాయిదా వేయండి, లేదా వేరే ఊరికి మార్చండి అంటూ మే నెలలో దాదాపు నూటయాభై మంది నిపుణులు బహిరంగ లేఖ రాశారు. అక్కర్లేదని సంస్థ తేల్చింది. గోల్ఫ్ ఆటగాళ్లు రోరీ మెకిల్‌రాయ్, జేసన్ డే ఇంట్లోనే ఉండిపోయారు. దక్షిణ కొరియా తన జట్టుకు దోమల మందు పట్టించిన దుస్తులు కుట్టించింది. మీ గౌరవార్థం దుస్తుల రూపకల్పనే మారిపోయింది!

రియోలో మీకు సాటి రాగల తనిఖీ ఒకటి జరిగింది, మెచ్చుకోక తప్పదు. ఆస్ట్రేలియా జట్టు తనకిచ్చిన భవనంలో చాలా అంతస్తుల్లో కుళాయిలన్నీ ఒకేసారి తిప్పి, మరుగుదొడ్లన్నిటిలో ఒకేసారి నీళ్లు వదిలి చూసింది. గోడల వెంట నీరు కారింది, గ్యాసు వాసన వచ్చింది. మేము దిగం అన్నారు. వాళ్లకు సొంతింట్లో ఉన్నట్టుండాలంటే గుమ్మం ముందు కంగారూను నిలబెట్టాలేమోనని నగర మేయరు చమత్కరించారు. నన్నడిగితే ప్రతి ప్రారంభోత్సవంలో రిబ్బను కత్తిరించే బదులు, అతిథుల చేత ఇలా కుళాయిలన్నీ ఒకేసారి తిప్పించాలి.

చివరికి ఏమైంది? రియోకు ఆగస్టు చలికాలం. మీరు పలచబడ్డారు. ఒలింపిక్స్‌కు వచ్చిన వారెవరికీ జికా సోకినట్టు నిర్ధారణ కాలేదని సెప్టెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. అందరూ ఊపిరి పీల్చుకున్నారు, భయపడినవాళ్లను చూసి కొందరు నవ్వారు కూడా. అయితే ఆ సున్నా వచ్చిన అతిథులది. అతిథులు రాకముందే బ్రెజిల్‌లో, ముఖ్యంగా ఈశాన్యాన రెసిఫె వంటి చోట్ల, చిన్న తలలతో పుట్టిన పిల్లల సంఖ్య వెయ్యి దాటింది. వాళ్ల తల్లులకు వాయిదా అడిగే అవకాశం లేదు, రానని చెప్పే అవకాశం అంతకన్నా లేదు. వాళ్లు ఆ దేశంలోనే ఉండేవాళ్లు కదా. ఆతిథ్య దేశపు ఆరోగ్యం గురించి ఇంత ఆందోళన రేగినప్పుడల్లా నాకొక అనుమానం వస్తుంది. వచ్చినవాళ్లు పదిహేను రోజులు క్షేమంగా ఉండి వెళ్తారా అన్నదే ప్రశ్న. ఇంటివాళ్లకు జ్వరం వస్తే అది మామూలు జ్వరం. మెడలో గుర్తింపు కార్డు ఉందా అని చూడకుండా అందరినీ సమానంగా కుట్టేది మీరొక్కరే.

మిమ్మల్ని పట్టించుకోవడం మనుషులకు రానిది కాదు, ఆ శ్రద్ధను నిలుపుకోవడమే రానిది. ఇదే బ్రెజిల్ 1958లో మిమ్మల్ని పూర్తిగా తరిమేసినట్టు గుర్తింపు పొందింది. ఆ తర్వాత చేతులు దులుపుకుంది. కొన్నేళ్లకు మీరు మళ్లీ సామాను సర్దుకుని వచ్చేశారు. టోక్యో వాళ్లు కొంచెం నయం. ఒలింపిక్స్ దక్కిన మరుసటి ఏడాది, 2014లో, సుమారు డెబ్బై ఏళ్ల తర్వాత అక్కడి గడ్డ మీదే డెంగ్యూ సోకడం మొదలైంది. మీ చెల్లెలు ఆల్బోపిక్టస్ నిర్వాకం. నగరం నడిబొడ్డున ఉన్న యొయొగి పార్కును మూసేసి మరీ పని చూశారు.

ఇక అహ్మదాబాద్. మీకు అక్కడ పరిచయాలు ఉన్నాయని తెలుసు. భారతదేశంలో ప్రయోగశాల నిర్ధారించిన తొలి జికా కేసులు మూడూ ఆ నగరంలోని బాపూనగర్ ప్రాంతానివే. నమూనాలు 2016 చివరా, 2017 మొదట్లోనూ తీసినవి. లోకానికి ఆ సంగతి తెలిసింది 2017 మే 26న, అదీ ప్రపంచ ఆరోగ్య సంస్థ బయటపెడితే. అన్ని నెలలు పక్కింటివాళ్లకు కూడా చెప్పకుండా గుట్టుగా ఉంచారు. జనం బెదిరిపోకూడదట. మీరు వచ్చిన విషయం మీకు తెలుసు, అధికారులకు తెలుసు. నీళ్ల తొట్టి కడుక్కోవలసిన మనిషికి తప్ప అందరికీ తెలుసు.

ఉద్యోగానికి పోటీ ఉందని కూడా చెప్పాలి. 2017 డిసెంబరులో ఢిల్లీ టెస్టులో శ్రీలంక ఆటగాళ్ల మూతులకు గుడ్డలు కట్టించిన పొగ ఉంది. 2025 అక్టోబరులో ప్రపంచ పారా అథ్లెటిక్స్ పోటీలప్పుడు నెహ్రూ స్టేడియంలో ఇద్దరు విదేశీ కోచ్‌లను కరిచిన వీధి కుక్కలు ఉన్నాయి. 2026 జనవరిలో ఇండియా ఓపెన్ బ్యాడ్మింటన్ కోర్టు మీద రెట్ట వేసి ఆట ఆపిన పక్షులు, గ్యాలరీలో కూర్చున్న కోతి కూడా దరఖాస్తుదారులే. ప్రపంచ బ్యాడ్మింటన్ పోటీలు అదే ఏడాది ఆగస్టులో అదే ఢిల్లీకి కేటాయించారు. అయినా నా ఓటు మీకే. కుక్క, కోతి, పక్షి, పొగ అందరికీ కనిపిస్తాయి. కనిపించేవాటిని తాత్కాలికంగా పక్కకు తప్పించడంలో మనవాళ్లు ఆరితేరారు.

మిమ్మల్ని కూడా తప్పించామని చెప్పుకోవడానికి ఒక ఉత్సవం ఉందనుకోండి. సాయంత్రం పూట బండి మీద యంత్రం పెట్టి వీధంతా తెల్లటి పొగ వదులుతారు. ఫొటోలు అద్భుతంగా వస్తాయి. ఆ పొగ ఎదురుగా ఎగిరే దోమలను మాత్రమే చంపుతుంది, నీళ్లలో మునకలేస్తున్న మీ పిల్లలను ముట్టుకోదు. మీరేమో ఇంట్లో పరదా వెనకో మంచం కిందో విశ్రాంతిగా ఉంటారు. ఆ బండి మీకిచ్చే గౌరవ వందనం అనుకుని ఊరుకోండి.

మీ కుటుంబంతో తెలుగువాళ్లకు పాత పరిచయమే. మీ దూరపు బంధువు అనాఫిలిస్ దోమ మోసే మలేరియా గుట్టును 1897లో రొనాల్డ్ రాస్ రట్టు చేసింది సికింద్రాబాద్‌లోనే. ఆ చనువుతో ఉద్యోగ నిబంధన ఒకటి చెబుతాను. మీరు ఎక్కడికి వెళ్లినా తనిఖీ కూలీల షెడ్ల నుంచే మొదలుపెడతారు. ఈసారి ఆ వరుస మార్చండి. సమీక్షా సమావేశాలు జరిగే హాలు నుంచి మొదలుపెట్టండి. మూలన పెద్ద పూలకుండీ ఉంటుంది, దాని కింద నీళ్లు పట్టే పళ్లెం ఉంటుంది. ప్రతి వారం అక్కడ కూర్చునేవాళ్లలో ఒక్కరు కూడా దాన్ని ఎత్తి చూడరు. సమావేశాలన్నీ పగలే కనుక మీ పనివేళలకు ఇబ్బంది లేదు. మీకు చీలమండలంటే ఇష్టం కదా, బల్ల కింద వరుసగా దొరుకుతాయి. పురోగతి సంతృప్తికరమని ఎవరో చదవడం మొదలుపెట్టగానే కానివ్వండి.

ఇట్లు,
మెడలో ఏ గుర్తింపు కార్డూ లేని ఒక ప్రేక్షకుడు