రాతిలో లేని తెలంగా సిపాయి

లండన్‌లోని వెస్ట్‌మినిస్టర్ అబ్బేలో వైస్ అడ్మిరల్ చార్లెస్ వాట్సన్ స్మారకం ఉంది. పద్దెనిమిదో శతాబ్దపు ఈ బ్రిటిష్ నౌకాధిపతి అక్కడ రోమన్ల టోగా చుట్టుకుని, విజయానికి గుర్తుగా ఖర్జూరపు మట్ట పట్టుకుని నిలబడ్డాడు. ఒక పక్క మోకరిల్లిన స్త్రీ. ఆమె కలకత్తా నగరానికి ప్రతీక. రెండో పక్క గొలుసులతో బంధించిన భారతీయుడు. అతను బెంగాల్‌లో హుగ్లీ ఒడ్డునున్న చందర్‌నగర్‌కు ప్రతీక. జేమ్స్ స్టువర్ట్ నమూనా గీస్తే పీటర్ షీమేకర్స్ చెక్కాడు. ఖర్చు పెట్టుకున్నది ఈస్టిండియా కంపెనీ.

ఆ గొలుసుల దగ్గరే మన అభ్యంతరం. 1757 మార్చిలో చందర్‌నగర్ కోటలో ఉన్నది ఫ్రెంచివాళ్లు. వాట్సన్ ఓడలు హుగ్లీ నదిలోంచి ఫిరంగులు పేల్చింది వాళ్ల మీద. ఎదుటి కాల్పులకు ఆయన సొంత ఓడ ‘కెంట్’ మళ్లీ సముద్రం మీదికి వెళ్లలేనంతగా దెబ్బతింది. ఆ ఓడ కెప్టెన్ కొడుకు, చిన్న కుర్రాడు, కాలు పోగొట్టుకుని ప్రాణం విడిచాడు. ఓడిపోయింది ఫ్రెంచివాడైతే శిల్పంలో గొలుసులు పడింది మాత్రం ఈ దేశపు మనిషికి! కంపెనీ తన మనసులో మాటను పాలరాతి మీద బయటపెట్టుకుంది.

వాట్సన్‌ను తక్కువ చేయడం మా ఉద్దేశం కాదు. ప్లాసీ యుద్ధానికి ముందు కలకత్తా వ్యాపారి అమీచంద్‌ను మోసం చేయడానికి దొంగ ఒప్పందం తయారుచేసినప్పుడు దాని మీద ఆయన సంతకం పెట్టలేదు. ఆయన పేరును క్లైవ్ ఇంకొకరి చేత రాయించాడు. వాట్సన్ నోటిమాటగా సరేనన్నాడని 1772లో పార్లమెంటు కమిటీ ముందు చెప్పుకున్నాడు. కాదని చెప్పడానికి వాట్సన్ లేడు. 1757 ఆగస్టు 16న కలకత్తాలోనే చనిపోయాడు. స్మారకంలో మాత్రం గెరియా (కొంకణ తీరంలోని విజయదుర్గ్ కోట), కలకత్తా, చందర్‌నగర్ విజయాలే ఉన్నాయి. నిజానికి ఆయన గురించి గుర్తుంచుకోదగ్గది ఆ పెట్టని సంతకమే.

ఈ కథలో మనవాళ్లూ ఉన్నారు. 1756 అక్టోబరులో వాట్సన్, క్లైవ్‌ల దండు బయల్దేరింది మద్రాసు నుంచి. అందులో వందల మంది సిపాయిలు ఉన్నారు. బెంగాల్ జనం వాళ్లను ‘తెలంగా’లు అన్నారు. పోనుపోనూ అక్కడ ఏ సిపాయికైనా అదే పేరు స్థిరపడింది. అందరూ తెలుగువాళ్లే కాకపోవచ్చు. కానీ మన నేల పేరు మీదే పిలిపించుకున్న ఆ మనుషులు ఏ ఊరివాళ్లు, ఎంత జీతానికి వెళ్లారు, ఎందరు తిరిగొచ్చారు? మన పిల్లల్లో ఎవరినడిగినా చెప్పలేరు. క్లైవ్ పేరు మాత్రం అందరికీ తెలుసు.

స్మారకాన్ని తీసేయమని మేం అడగడం లేదు. గొలుసుల్లో ఉన్నది ఎవరో, అసలు యుద్ధం ఎవరితోనో, ఎవరి లాభం కోసమో దాని ముందు నిలబడ్డ సందర్శకుడికి అబ్బే వివరంగా చెప్పాలి. మన వైపు నుంచీ చేయాల్సిన పని ఉంది. సెయింట్ జార్జి కోట నాటి రికార్డులు చెన్నై ఎగ్మూర్‌లోని ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలూ అక్కడికి పరిశోధకులను పంపి, ఆ సిపాయిల వివరాలు దొరికినన్ని వెలికితీసి, తెలుగులో అచ్చు వేయించాలి.