నలభై ఏడు తర్వాత ఏం వస్తుంది?

నలభై ఏడు తర్వాత నలభై ఎనిమిది వస్తుందని నమ్మేవాళ్లు హైదరాబాదులో రోజురోజుకూ ఎక్కువైపోతున్నారు. వీళ్లలో చాలామంది చదువుకున్నవాళ్లు కావడం మరీ ఆందోళన కలిగించే విషయం. అలాంటివాడొకడు, మాదాపూర్ వైపు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే కుర్రాడు, మా సూపరింటెండెంటు గారికి మేనల్లుడి వరస, మూడు నెలల కిందట మా ఆఫీసుకొచ్చాడు. అటెండరన్న కింద కూర్చుని ఫైలుకు నంబర్లు కొడుతుంటే చూసి నవ్వాడు. “మామయ్యా, దీన్ని ఆటోమేట్ చేసేయొచ్చు కదా” అన్నాడు. మా ఆఫీసుకు కీడు మొదలైంది అక్కడే.

అటెండరన్న చేతిలో ఉన్నదేమిటో ఈ తరానికి కాస్త చెప్పాలి. నంబరింగ్ మెషీను. పిడికిట్లో పట్టే ఇనప ముక్క. పైన గుద్దితే కింద ఆరంకెల ముద్ర పడుతుంది, చెయ్యి లేపేలోపు చక్రం తిరిగి తర్వాతి అంకె సిద్ధంగా ఉంటుంది. పక్కన చిన్న ముల్లుంటుంది. దాన్ని సున్నా మీద పెడితే ఎన్నిసార్లు గుద్దినా అదే నంబరు. ఒకటి మీద పెడితే వరసగా. రెండు మీద పెడితే ఒక్కో నంబరు రెండేసి సార్లు, మూడు మీద మూడేసి సార్లు. 1890ల్లో న్యూయార్క్‌లో ఎడ్విన్ బేట్స్ అనే ఆయన ఇలాంటిదానికి పేటెంటు తీసుకున్నాడు. అమెరికా లాయర్లు పేజీలకు నంబర్లు వేయడాన్ని ఇప్పటికీ బేట్స్ నంబరింగనే అంటారు. కంప్యూటర్‌లో పీడీఎఫ్‌ల కోసం వాడే అక్రోబాట్ తెరిచినా ఆ పేరుతోనే ఆప్షను కనబడుతుంది. మా అటెండరన్నకు బేట్స్ ఎవరో తెలియదు. కానీ 116వ పేజీ వచ్చినప్పుడు ఓ క్షణం ఆగి, ముద్ర కాస్త భక్తిగా గుద్దుతాడు. ఏ ప్రింటరుకుంది చెప్పండి ఆ సంస్కారం?

కుర్రాడు తెలివైనవాడే, కాదనను. వర్డ్‌లో పేజీ నంబరు పెట్టుకోవచ్చు కదా అని నేనడిగితే ఓపిగ్గా వివరించాడు. వర్డ్‌కు తెలిసింది ఆ ఒక్క డాక్యుమెంటే, రేపటి ఉత్తరం మళ్లీ ఒకటి నుంచి మొదలవుతుంది. ప్రింటరుకేమో పుట్టినప్పటి నుంచి ఎన్ని కాగితాలు మింగిందో తెలుసు, కాన్ఫిగరేషన్ పేజీ తీస్తే చెబుతుంది. కాకపోతే ఆ ముక్క చెప్పడానికి ఇంకో కాగితం మింగుతుంది, అదీ లెక్కలో కలుపుకుంటుంది. (ఈ లక్షణం నాకు మా ఆడిట్ వాళ్లను గుర్తుచేసింది.) అందుకని కుర్రాడు ఒక స్క్రిప్టు, అంటే చిన్న కంప్యూటర్ ప్రోగ్రాము, రాశాడు. ఆఖరి నంబరు ఒక టెక్స్ట్ ఫైల్లో దాచుకుంటుంది. ఎవరు ప్రింటిచ్చినా ఆ నంబరు తీసి, ఒకటి కలిపి, పేజీ మూలన వేసి, కొత్త నంబరు మళ్లీ దాచుకుంటుంది. మొదటి రోజు 1 నుంచి 140 దాకా ముత్యాల్లా వచ్చాయి. సూపరింటెండెంటు గారు స్వీట్లు తెప్పించారు.

రెండో రోజు కాగితం ఇరుక్కుంది. 212వ పేజీ. లాగితే సగం చేతికొచ్చింది, సగం లోపలే ఉండిపోయింది. జాబ్ క్యాన్సిల్ చేసి మళ్లీ ప్రింటిస్తే అదే ఉత్తరం 213గా బయటికొచ్చింది. స్క్రిప్టు లెక్కపెట్టేది పంపిన పేజీలను గానీ బయటపడ్డ పేజీలను కాదట. కంప్యూటర్ దృష్టిలో ఇది చిన్న విషయం. ఆఫీసు దృష్టిలో, ఫైల్లో 211 తర్వాత 213 ఉందంటే మధ్యలో 212ను ఎవరో మింగారనే అర్థం. ఎవరు మింగారో, ఎంత తీసుకుని మింగారో విచారణలో తేలాలి. “ప్రింటరే మింగింది సార్” అంటే నమ్మే విచారణాధికారి ఇంతవరకు పుట్టలేదు.

తర్వాతి వారం ఎకౌంట్స్ వాళ్లూ ఎస్టాబ్లిష్‌మెంట్ వాళ్లూ ఒకేసారి ప్రింట్ నొక్కారు. ఇద్దరి కంప్యూటర్లూ టెక్స్ట్ ఫైల్లో 499 చూశాయి, ఇద్దరికీ 500 వచ్చింది. రెండు సెక్షన్ల వాళ్లూ ఐదొందలు మాదంటే మాదని మధ్యాహ్నం దాకా వాదించుకున్నారు. కుర్రాడు దానికీ మందు వేశాడు. ముందొచ్చినవాడు గడియ పెట్టుకుంటాడు, అతని పని అయ్యేదాకా మిగతావాళ్లు బయట ఆగాలి. బాగుంది. సరిగ్గా ఎకౌంటెంటు గారు గడియ పెట్టిన క్షణంలో కరెంటు పోయింది, ఆయన యూపీఎస్ ఎప్పుడో చచ్చిపోయి ఉంది. కరెంటొచ్చాక చూస్తే గడియ గడియలాగే ఉంది. బాత్‌రూములోకి వెళ్లినాయన లోపల గడియ పెట్టుకుని కిటికీలోంచి దూకి వెళ్లిపోయినట్టు! సాయంత్రం దాకా ఆఫీసు మొత్తం చేతులు కట్టుకుని నిలబడింది.

ఇవన్నీ ఒక ఎత్తు, 631వ పేజీ ఒక ఎత్తు. అది సూపరింటెండెంటు గారి అమ్మాయి ఎంసెట్ హాల్‌టికెట్టు. పరీక్ష పేరు ప్రభుత్వం మార్చింది గానీ తల్లిదండ్రుల బీపీ పాత పేరుతోనే పెరుగుతోంది. స్క్రిప్టుకు ఆఫీసు కాగితమేదో ఇంటి కాగితమేదో తెలియదు కాబట్టి, నిష్పక్షపాతంగా దానికీ నంబరు వేసింది. ఇప్పుడేం చేయాలి? హాల్‌టికెట్టు అమ్మాయికిస్తే ఫైల్లో మరో గండి. ఫైల్లో పెడితే అమ్మాయికి పరీక్ష పోతుంది. చివరికి ఒరిజినల్ అమ్మాయికిచ్చి, జిరాక్సు ఫైల్లో పెట్టి, “పేజీ 631 పరిశీలించడమైనది” అని నోట్ రాశాం. రేపెవరైనా సమాచార హక్కు కింద ఆ ఫైలు అడిగితే, పేజీకి 2 రూపాయల లెక్కన ఆ పిల్ల ఫొటోకు కూడా డబ్బు కట్టాల్సిందే.

అయితే అసలు గండం ఇవేవీ కాదు. నలభై ఏడో పేజీకి జత చేయాల్సిన కాగితం నెల తర్వాత వచ్చింది. ఎప్పుడూ అంతే కదా. అటెండరన్న ఉన్నప్పుడు ఎర్ర పెన్నుతో 47-ఏ అని రాసి దూర్చేవాడు. మర్నాడు ఇంకొకటొస్తే 47-బీ. స్క్రిప్టు మాత్రం దానికి 902 వేసి చేతిలో పెట్టింది.

కుర్రాడితో నేను గట్టిగానే మాట్లాడాల్సి వచ్చింది. “నాయనా, నువ్వు పుట్టి పెరిగింది ఈ ఊళ్లోనేనా?” అన్నాను. ఇళ్ల నంబర్లు చూడలేదా? మొదటి అంకె వార్డు, రెండోది బ్లాకు, ఆ తర్వాత ఇల్లు. అక్కడిదాకా ఏ ఊరికైనా చేతనవును. ఆ ఇంటి పెరట్లో ఇంకో ఇల్లు లేస్తే బై ఒకటి. దాని పక్కన సందులో మూడోది లేస్తే బై ఏ. జూబ్లీహిల్స్‌కెళ్తే 8-2-293/82 అని మొదలై, బై మీద బై పడుతూ పోయే చిరునామాలు ఎన్ని లేవు? ఆఖరి బై చేరేసరికి కొరియర్ కుర్రాడు ఫోన్ చేసి “అన్నా, ల్యాండ్‌మార్క్ చెప్పు” అంటాడు. జీఎస్టీ నిబంధనల ప్రకారం ఇన్‌వాయిస్ నంబరు వరసగా ఉండాలి, 16 అక్షరాలు దాటకూడదు. మా ఇంటి నంబరే అందులో పట్టదు. ఆలస్యంగా వచ్చినవాడిని కూడా “జర జరుగున్రి” అని సీటులో ఇరికించుకునే సిటీ బస్సు మనది. వచ్చినవాడిని వెనక్కెళ్లి 902లో కూర్చోమంటుందా నీ స్క్రిప్టు?

కుర్రాడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత “ఏ, బీ ఆప్షను కూడా పెట్టొచ్చు అంకుల్” అన్నాడు. వీళ్లకు ఓటమి తెలియదు.

సూపరింటెండెంటు గారు మధ్యే మార్గం కనిపెట్టి మొన్న సర్క్యులర్ జారీ చేశారు. ఒకటో తారీఖు నుంచి నంబర్లు ప్రింటరే వేస్తుంది. అది వేసిన ప్రతి నంబరునూ, మింగిన ప్రతి నంబరునూ, గడియ పెట్టినవారి పేరునూ, తీసినవారి పేరునూ ఒక రిజిస్టరులో ఎక్కించాలి. రిజిస్టరు మొదటి పేజీలో “ఇందు మొత్తం 300 పేజీలు ఉన్నవని ధ్రువీకరించడమైనది” అని ఆయనే సంతకం చేశారు. ఆ 300 పేజీలకూ నంబర్లు ఎవరు వేయాలన్న ప్రశ్న సహజంగానే వచ్చింది. బైండు చేసిన పుస్తకం ప్రింటర్లో దూరదు.

అటెండరన్న మెషీను మీద దుమ్ము తుడిచి, ముల్లు ఒకటి మీద పెట్టి నిన్న మొదలుపెట్టాడు. నలభై ఏడు దాకా కొట్టి టీ తాగడానికి వెళ్లాడు.