శుభలేఖ చూపిస్తే సరిపోదు

అమెరికా పౌరురాలిని పెళ్లాడితే గ్రీన్‌కార్డు చేతికొచ్చినట్టేనని మీ వ్యాసంలో రాశారు. అంత తేలిక కాదండీ. మా తమ్ముడి పెళ్లి కావలిలో జరిగింది. మరదలు అమెరికా పౌరురాలు. భర్తను తీసుకెళ్లడానికి ఆమె ఐ-130 అనే దరఖాస్తు వేసింది, తర్వాత ఆర్థిక హామీకి ఐ-864 అనే పత్రం ఇచ్చింది. మావాళ్లేమో శుభలేఖ, ఆల్బమ్ చాలనుకున్నారు! కావలసింది రిజిస్ట్రారు ఇచ్చే వివాహ ధ్రువపత్రం. పైగా తమ్ముడి జనన ధ్రువపత్రంలో ఇంటిపేరు ఒక రకంగా, పాస్‌పోర్టులో మరో రకంగా ఉంది. ఆ ఒక్క అక్షరం కోసం ఒంగోలుకు ఎన్నిసార్లు బస్సెక్కాడో.

వ్యాసంలో అసలు విషయమే వదిలేశారు. అమెరికాలో శాశ్వత నివాసిగా అడుగుపెట్టేనాటికి పెళ్లయి రెండేళ్లు నిండకపోతే, వచ్చేది రెండేళ్ల షరతుల కార్డే. దాని గడువు ముగిసేలోపు, చివరి 90 రోజుల్లో, షరతులు తొలగించమని భార్యాభర్తలు కలిసి ఐ-751 దరఖాస్తు వేయాలి. మా తమ్ముడు ఆ తేదీని క్యాలెండరులో ఎర్ర సిరాతో చుట్టి పెట్టుకున్నాడు.