పడుకుంటే పోయే అలసట కాదిది

"నొప్పులు తగ్గాయన్నావు కదా, మరింకా పడుకోడమేటమ్మా?" నిన్న మా పిన్నత్త అన్న మాట ఇది. ఆవిడ మంచి మనిషే. అయినా ఆ మాట రాత్రంతా మనసులోనే ఉండిపోయింది. అందుకే ఇది రాస్తున్నాను.

నాకు రుమటాయిడ్ ఆర్థరైటిస్ అనే కీళ్లవాతం వచ్చి ఆరేళ్లు. మొదట్లో పొద్దున్న లేచాక గంటన్నర దాకా పిడికిలి బిగిసేది కాదు, తడి బట్ట పిండలేకపోయేదాన్ని. వాచిన వేళ్లు చూసి అందరూ అయ్యో అన్నారు. మందులతో వాపు తగ్గింది. నిస్సత్తువ తగ్గలేదు. దాన్ని చూసి అయ్యో అనేవాళ్లు లేరు, ఎందుకంటే అది కంటికి కనబడదు.

పని చేసి అలిసిపోవడం నాకూ తెలుసు. డిగ్రీ చదివే రోజుల్లో మా విజయనగరంలో పైడితల్లమ్మ సిరిమాను ఉత్సవం చూడ్డానికి మూడు లాంతర్ల దగ్గర ఆ జనంలో గంటలకొద్దీ నిలబడేదాన్ని. రాత్రి ఒళ్లెరగకుండా నిద్రపోతే తెల్లారేసరికి మామూలే. ఇప్పుడు ఎనిమిది గంటలు పడుకుని లేచినా ఒళ్లు తడిసిన గోనెసంచిలా ఉంటుంది. స్నానం చేసి తల దువ్వుకునేసరికి ఇక కూర్చోవాలి. స్టవ్ వెలిగించి, ఏం చేద్దామని వచ్చానో మర్చిపోతాను. పోయిన ఏడాది సిరిమాను కదలకముందే ఇంటికొచ్చేశాను. ఏడ్చాను కూడా.

ఇది కీళ్లకే పరిమితమైన జబ్బు కాదు. మనల్ని కాపాడాల్సిన రోగనిరోధక వ్యవస్థే కీళ్ల పొర మీద దాడి చేస్తుంది. ఆ పోరులో టీఎన్‌ఎఫ్, ఇంటర్‌ల్యూకిన్-6 లాంటి పదార్థాలు పుడతాయి. అవి రక్తంలో తిరుగుతూ మెదడు మీదా ప్రభావం చూపిస్తాయి. జ్వరం వచ్చినప్పుడు మంచం దిగాలనిపించదు కదా, అలాంటిదే. దానికి తోడు రక్తహీనత, నొప్పికి తెగిపోయే నిద్ర, రేపెలా అన్న టెన్షన్. ఈ జబ్బుకి నేను వారానికొకసారి వేసుకునే మెథోట్రెక్సేట్ అనే మందు శనివారం రాత్రి పడుతుంది. ఆదివారం వికారంతో, మత్తుతో పోతుంది. చుట్టాలొచ్చేదీ ఆదివారమే.

నా కోపమంతా చెకప్‌ల మీద. విశాఖ దాకా వెళ్లి, గంటలు కూర్చుని, లోపలికెళితే ఐదు నిమిషాలు. "ఈఎస్‌ఆర్, సీఆర్‌పీ బాగున్నాయమ్మా" అని, వాపు జాడ చెప్పే ఆ రక్తపరీక్షలు చూపించేసరికి నా నోరు మూతపడుతుంది. జబ్బు ఎంత చురుగ్గా ఉందో కొలిచే డాస్-28 అనే లెక్క ఉంది. అందులో 28 కీళ్ల నొప్పి, వాపు, రక్తపరీక్ష, మొత్తం మీద ఎలా ఉందో రోగి ఇచ్చే మార్కు ఉంటాయి. అలసటకంటూ విడిగా గడి లేదు. యూరప్‌లోని కీళ్లవాత సంఘాల కూటమి యూలార్ 2023లో ఈ అలసట మీదే సూచనలు ఇచ్చింది. రోగిని దీని గురించి క్రమం తప్పకుండా అడుగుతుండాలన్నది. నన్ను ఈ ఆరేళ్లలో ఒక్కసారీ అడగలేదు.

ఆ సూచనల్లో వ్యాయామం కూడా ఉంది. చదివినప్పుడు మండింది, లేవలేనిదాన్ని నడవమంటారా అని. అయినా మొదలుపెట్టాను. అయ్యకోనేరు గట్టు మీద మొదట ఐదు నిమిషాలు, ఇప్పుడు పావుగంట. బాగున్న రోజున ఇల్లంతా సర్దేసి తర్వాత మూడు రోజులు పడిపోయే అలవాటు మానుకున్నాను. అలసట పూర్తిగా పోలేదు గానీ సాయంత్రం పాప హోంవర్క్ దగ్గర కూర్చునేంత సత్తువ మిగులుతోంది.

"ఓపిక పట్టమ్మా" అంటారు. నాకు లేనిదే ఓపిక! సహనానికీ సత్తువకీ మన భాషలో ఒకటే మాట కావడం వల్లో ఏమో, సత్తువ లేదంటే సహనం లేదన్నట్టు వింటారు. ఇంట్లో ఇలాంటి మనిషి ఉంటే "ఈరోజు నీ పనుల్లో ఏది నేను చేసిపెట్టాలి?" అని అడగండి. మా ఆయన ఈమధ్యే అడగడం మొదలుపెట్టారు. ఆ రోజు బట్టలు ఆయనే ఆరేశారు.

వచ్చే నెల మళ్లీ చెకప్. ఈసారి కాగితం మీద రాసుకున్నాను: ఎన్ని రోజులు లేవలేకపోయానో, ఏ పనులు మానేశానో, హిమోగ్లోబిన్, థైరాయిడ్ చూడాలా అన్న ప్రశ్న. డాక్టరు రిపోర్టులు తెరవకముందే అది ఆయన చేతిలో పెడతాను.